కళ్ళు మూసుకుని సినిమా చూసే మనిషి

తూటాల మామ పోయాడన్న సంగతి నాకు బస్సులో తెలిసింది. ఇల్లందులో ఎక్కిన, బావుల్లో బండకు బెజ్జాలు వేసే కంప్రెసర్ ట్రాక్టరు డ్రైవరొకాయన నా పక్కన కూర్చుని, టికెట్టు తీసుకుని, చెమట తుడుచుకుని, తీరిగ్గా చెప్పాడు.

"మీ దోస్తు పోయిండు గదా, తెల్వదా? బుధారం పొద్దున."

"ఎట్ల?"

"జరమొచ్చింది. దవాఖానకు రానన్నడట. గంతే." కిటికీలోంచి గోడ మీది పోస్టరు చూపించాడు. హీరో వెనకాల ఆకాశం దాకా మంట. "గిది చూడకుండనే పోయిండు. మొత్తం బాంబులేనంట."

నాకు ఒళ్ళు మండింది. చావు కబురు చెబుతూ మధ్యలో సినిమా మాట ఎత్తుతాడేమిటి ఈ మనిషి అనుకున్నాను. కాని తప్పు అతనిది కాదు. మా చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరు తూటాల మామను తలుచుకున్నా సినిమా గుర్తుకు రావలసిందే. నేను మాత్రం ఆ పోస్టరు మీంచి చూపు తిప్పుకున్నాను. ఆ మనిషికి నేను చేసిన పని నాకొక్కడికే తెలుసు. ఐదేళ్ళుగా నోరు మూసుకునే ఉన్నాను.

ఆయన అసలు పేరు రాయను. రాసినా ఎవరూ గుర్తుపట్టరు. బావుల్లో అడ్డం పడ్డ బండను తూటాలు పెట్టి పగలగొట్టడం ఆయన పని. వానలు మొహం చాటేసిన ఆ ఏళ్ళలో, తిరుమలాయపాలెం వైపు నుంచి ఇటు మా అడవి అంచు దాకా, ప్రతి రైతూ తన బావిని ఇంకో రెండు గజాలు దింపాలని చూసేవాడు. దిగేకొద్దీ బండే తగిలేది. బండకు బెజ్జాలు వేయించి, మందు దట్టించి, ఒకదాని తర్వాత ఒకటి పేలేలా వత్తుల్ని పొడుగూ పొట్టీగా కోసి, బీడీతో అంటించి, తాడు పట్టుకుని పైకి వచ్చేవాడు తూటాల మామ. బక్కపలచటి మనిషి. భుజం మీద ఎప్పుడూ ఓ గళ్ళ తువాలు ఉండేది. ఎదుటివాడు మాట్లాడుతుంటే కళ్ళలోకి కాక నోటి వైపు చూసేవాడు. అదేదో వినయం అనుకునేవాణ్ణి నేను, మొదట్లో.

నేనప్పుడు మా ఊరి టాకీసులో ప్రొజెక్టర్ ఆపరేటర్ని. కొత్తగా సౌండు బాక్సులు బిగించారు. ఖమ్మంలో ఉన్నవే మాకూ వచ్చాయని నేను పొంగిపోతున్న రోజులు. సంత నాడు మ్యాట్నీకి హాలు నిండేది. తునికాకు కట్టలు అమ్ముకున్న వాళ్ళూ, ఉప్పూ మిరపకాయలూ కొనుక్కున్న వాళ్ళూ, మూటలు కాళ్ళ దగ్గర పెట్టుకుని ఫైట్ల కోసం ఎదురుచూసేవాళ్ళు. అలాంటి ఓ మ్యాట్నీలో, కోట్లు పోసి తీశారని ఊరంతా మైకులో అరిచిన సినిమా ఆడుతోంది. ఆఖరి ఫైటు. హాలంతా లేచి నిలబడి ఈలలేస్తోంది. క్యాబిన్ కన్నంలోంచి చూద్దును గదా, కుడివైపు బాక్సు కిందున్న బెంచీ మీద ఒక్క మనిషి కళ్ళు మూసుకుని కూర్చున్నాడు.

నేను చెమటలు కక్కుతూ రీళ్ళు మారుస్తుంటే వీడికి నిద్రా! ఆట వదలగానే కిందికి దిగి పట్టుకున్నాను.

"ఏం మామా, నిద్రపోనీకి మా టాకీసే దొరికిందా?"

"తొమ్మిది" అన్నాడు.

"ఏం తొమ్మిది?"

"ఆఖరి ఫైట్ల తొమ్మిది పేలినయ్. అవునా కాదా?"

నాకు తెలిస్తే కదా. ఆపరేటర్ని అయ్యుండి తెలియదనడం నామోషీగా ఉండి, రేపు చెబుతానన్నాను. మర్నాడు ఆ రీలు వేస్తూ లెక్కపెట్టాను. తొమ్మిదే. ఆ చెప్పడంతో మా స్నేహం కలిసింది. నేను మామా అంటే ఆయన అల్లుడా అన్నాడు.

ఇక అక్కడి నుంచి ప్రతి సినిమాకూ ఆయన తీర్పు నేను వినవలసిందే. హాలు బయట మిర్చి బజ్జీల బండి దగ్గర నిలబడి, బజ్జీ ఊదుకుంటూ చెప్పేవాడు. కథా, పాటలూ, హీరోయినూ ఆయనకు అక్కర్లేదు. మంట లేచిన చోటే సినిమా మొదలైనట్టు.

"వెనక్కి చూడకుండ నడుస్తడేంది గీ హీరో? ఎన్ని పేలినయో ఎవడు లెక్కబెట్టాలె, వాళ్ళ నాయనా? గట్ల నడిచేటోన్ని నేను బాయి దగ్గరకే రానియ్య."

"గంత మంట లేస్తది, ఒక్క రాయి కింద పడదు. మంటేం చేస్తది అల్లుడా, జుట్టు కాల్తది. మనిషిని తీస్కపోయేది రాయి."

"పొగల నుంచి ఉరికొచ్చి పాటెత్తుకున్నడు. మందు పొగ ఒక్కపారి పీల్చుమను. మూడొద్దులు తలకాయ లేవదు, పాటెక్కడిది?"

"తూటకు గడియారం కడతడేంది? ఎర్ర వైరు కోస్తే ఆగుతదట. గట్ల ఆగే తూట నాకొక్కటి చూపెట్టుమను, వానికి జీతముంట."

ఓసారి అభిమాన సంఘం కుర్రాళ్ళు వినేశారు. హీరో బొమ్మకు పాలాభిషేకం చేసి ఊపు మీదున్నారు. మా హీరోని అంటావా అని చొక్కా పట్టుకున్నారు. ఆయన బెదరలేదు. "మీ హీరోను మా బాయికాడికి తోల్కరాండ్రి. ఒక్క వత్తి అంటించి పైకి రమ్మనుండ్రి. వచ్చినంక ఆ బొమ్మకు నేనే పాలు పోస్త" అన్నాడు. వాళ్ళలో ఒకడు నవ్వేయబట్టి సరిపోయింది గాని, లేకపోతే నాక్కూడా పడేవి.

ఆయన ఓ సినిమాను మెచ్చుకోవడం నేను ఒక్కసారే చూశాను. అందులో బాంబు పేలగానే హాల్లో సౌండు పోయింది. సన్నగా కుయ్‌మని కూత తప్ప ఏమీ లేదు. తెర మీద మనుషులు నోళ్ళు ఆడిస్తున్నారు, మాట లేదు. జనం "సౌండ్, సౌండ్" అని నన్ను తిట్టారు. మామ మాత్రం బయటికొచ్చి బజ్జీల బండి దాటిపోయాడు. వెనకాలే వెళ్ళి ఏమైందంటే, "ఆ డైరెక్టరెవరో గాని, ఒక్కపారన్న బాయికాడ నిలబడ్డడు" అన్నాడు.  ఆ రోజే నాతో క్యాబిన్‌లోకి వచ్చి, రీళ్ళ పెట్టె మీద కూర్చుని, ఉన్న సంగతి చెప్పాడు.

"ఎడమ చెవి పోయి రెండేండ్లైంది అల్లుడా. కుడిది సగమే. ఖమ్మంల డాక్టరు మిషను పెట్టుకొమ్మన్నడు. మిషను పెట్టుకున్నోనికి బాయెవరిస్తరు?"

తూటాల పనిలో చెవే ముఖ్యమని అప్పుడు తెలిసింది నాకు. ఆరు పెడితే ఆరూ పేలాలి. దూరంగా గట్టు చాటున నిలబడి, మోత మోతకీ ఒక వేలు ముడుస్తూ లెక్కపెట్టాలి. ఒకటి తగ్గిందంటే అది లోపల ప్రాణంతో ఉన్నట్టు. అప్పుడు తూటాల మామ భుజం మీది తువాలు తీసి బావి ఒడ్డున పరిచేవాడు. ఆ తువాలు మళ్ళీ ఆయన చేత్తో ఎత్తేదాకా భూమి గల రైతైనా సరే దాన్ని దాటడానికి లేదు. మర్నాటి పొద్దుటి దాకా అలాగే ఉన్న తువాళ్ళున్నాయట. అందరికంటే ముందు తనే దిగేవాడు. కంకర తీసి, మిగిలిన తూటా కనపడ్డాకే మిగతావాళ్ళకు పిలుపు.

"కండ్లు తెరిస్తే మంట చూసి లెక్కబెడత. బాయికాడ గట్టు చాటుకు మంట కనపడదు గదా. గందుకే ఈడ మూస్త" అన్నాడు. "ఇది నాకు పరీక్ష. బాయికాడ తప్పితే మనిషి పోతడు. ఈడ తప్పితే ఏం పోతది, టికెట్టు. ఇందుల తప్పిననాడు తూటాలకు చేతులు కడుక్కుంట, నీ మీదొట్టు."

"ఇంకో పనేదన్న చూసుకోరాదు మామా?"

"ఏం పని? గీ వయసుల తునికాకు ఏరనా? మా బామ్మర్ది పెండ్లాం పోయి నా ఇంట్లనే ఉంటున్నడు. వాడు నాతోటే బాయిల దిగుతడు. ఇంటిల్లిపాదికి ఇదే బువ్వ." తర్వాత నా చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వొక్కటి చెయ్యాలె. నాకు ఉన్నదున్నట్టు చెప్పాలె. నా మొఖం చూసి ఒకటి ఎక్కువొద్దు, ఒకటి తక్కువొద్దు."

ఆ మాట నేను తప్పలేదు. లెక్క ఎప్పుడూ సరిగ్గానే చెప్పాను. అదే నన్ను తినేస్తున్నది.

తర్వాతి ఏడాది పెద్ద సినిమా ఒకటి వచ్చింది. ఆఖర్న మొత్తం పదకొండు. రెండు దాదాపు కలిసే పేలతాయి, ఒకటి దూరంగా కొండల్లో. మొదటి రోజు ఆయన క్యాబిన్ మెట్ల దగ్గరికొచ్చి "ఎనిమిది" అన్నాడు. నేను పదకొండన్నాను.  తువాలుతో మొహం తుడుచుకున్నాడు. మర్నాడు మళ్ళీ వచ్చాడు. బావి పని మానుకుని వచ్చాడు. ఆ రోజు తొమ్మిది. "పదకొండు మామా" అన్నాను. మెట్ల మీద కూర్చుండిపోయాడు. హాలంతా ఖాళీ అయినా లేవలేదు. గేటు దగ్గరి మనిషి "ఏయ్ ముసలోడా, లే" అన్నాడు. ఆయనకు వినపడలేదు. రెండోసారి అరిచినా వినపడలేదు. మూడోసారి భుజం తట్టితే ఉలిక్కిపడి లేచి, తప్పు చేసినవాడిలాగా నవ్వాడు.

ఆ నవ్వు నేను ఓర్చుకోలేకపోయాను. జాలి అనండి, పిచ్చి అనండి. నాకు ఆ మనిషంటే ఇష్టం. మూడో రోజు మ్యాట్నీకి ఆయన వచ్చి బాక్సు కింద కూర్చోవడం కన్నంలోంచి చూశాను. ఆఖరి రీలు ఎక్కించగానే సౌండు మీట పట్టుకుని తిప్పాను. ఎప్పుడూ ఉండే చోటు దాటించి, ఇంకా దాటించి, బాక్సులు గరగరలాడేదాకా తిప్పాను. ముందు బెంచీల్లో పసిపిల్లలు గుక్కపట్టి ఏడ్చారు. ఓనరు పరుగెత్తుకొచ్చి తలుపు బాదాడు. నేను తియ్యలేదు.

"పదకొండు!" అంటూ వచ్చాడు మామ. మెట్లన్నీ ఎక్కి క్యాబిన్ దాకా వచ్చాడు. పది వేళ్ళు చాపి, ఇంకో వేలు చాపి చూపించాడు. "అవునా కాదా?"

"అవ్ మామా. పదకొండే."

"ఆ రెండొద్దులు జలుబు ఉండె అల్లుడా. జలుబుకు చెవులు మూసుకపోతయ్." నన్ను కావలించుకున్నాడు. ఆ వేళ బజ్జీలన్నీ ఆయనే తినిపించాడు. ఆ సినిమాని మాత్రం వదిలిపెట్టలేదు. "పదకొండు పేల్చిండు, ఒక్కనికన్న చెవుల దూదిలేదు. దొంగ సినిమా" అన్నాడు. నేను పగలబడి నవ్వాను. ఏదో పుణ్యం చేసినంత సంబరంగా ఇంటికి వెళ్ళాను.

పది రోజులు తిరగలేదు. అడవి అంచున గుట్ట పక్క బావి. ఆరు పెట్టారు. అక్కడ జరిగింది తర్వాత, బస్సులో కలిసిన ఈ కంప్రెసర్ డ్రైవరే చెప్పాడు, అతను అక్కడే ఉన్నాడు. మోతలయ్యాక బామ్మర్ది "ఐదే బావా" అన్నాడట. మామ ఆరన్నాడట. గుట్ట నుంచి తిరిగొచ్చిన మోతను కూడా ఒక వేలు ముడుచుకుని ఉంటాడు. బామ్మర్ది ఇంకోసారి ఐదని అంటే మామకు కోపమొచ్చింది. "మొన్న సినిమాల పదకొండు లెక్కబెట్టిన, ఒక్కటి తప్పలే. గీ ఆరు లెక్కబెట్టలేనా?" అన్నాడట. తువాలు పరవలేదు. ఎప్పటిలాగే తనే ముందు దిగాడు. అటూ ఇటూ చూశాడు, ఏమీ కనపడలేదు. బామ్మర్దిని పిలిచి, తను అవతలి మూలకు జరిగాడు. బామ్మర్ది దిగి గడ్డపార వేశాడు. రెండో పోటుకి పేలింది.

బామ్మర్ది బతికాడు. రెండు కళ్ళూ పోయాయి.

నెల దాటాక మామ టాకీసుకి వచ్చాడు. ఆట లేని వేళ. క్యాబిన్‌లో నేను రీలు అతుకుతున్నాను. గుమ్మంలోనే నిలబడ్డాడు. గడ్డం పెరిగింది. భుజం మీద తువాలు లేదు.

"అల్లుడా, ఒక్కటి అడుగుత. ఆ పదకొండు సినిమాకు సౌండు ఎప్పటంతనే పెట్టినవా?"

చెప్పి ఉండవలసింది. కాళ్ళ మీద పడి చెప్పి ఉండవలసింది. పోలీసులు అప్పటికి రెండుసార్లు వచ్చి మందు ఎక్కడిది, ఎవరెవరు ఉన్నారు అని ఊరంతా అడిగి వెళ్ళారు. ఆ భయం కొంత. అంతకంటే, ఆ కళ్ళు నన్ను ఇంకోలా చూస్తాయేమోనన్న భయం ఎక్కువ. పిరికివాణ్ణి.

"ఎప్పటంతనే" అన్నాను.

"ఆఁ?" అని చెవి దగ్గరికి తెచ్చాడు.

"ఎప్పటంతనే పెట్టిన మామా!" అబద్ధాన్ని రెండోసారి అరిచి చెప్పాను.

తల ఊపాడు. చాలాసేపు ఊపుతూనే ఉన్నాడు. "గట్లనా. అయితే తప్పు నాదే. ఇంకొకని మీద ఏద్దామని చూస్తున్న ఇన్నొద్దులు. నువ్వేమన్న పెంచినవేమోనని... ఊకనే అడిగిన. ఏమనుకోకు అల్లుడా." ఆయనే నన్ను క్షమించమన్నాడు. మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

మళ్ళీ సినిమాకి రాలేదు. తునికాకు ఏరాడని, రోడ్డు పనికి పోయాడని వినేవాణ్ణి. సంతలో రెండుసార్లు కనపడితే నేనే పక్క సందులోకి తప్పుకున్నాను. ఐదేళ్ళు అలా గడిపిన మనిషిని నేను. ఇప్పుడు ఆ బస్సు దిగి ఇంటికి పోయి, మామ పదో దినానికి వాళ్ళ ఊరు వెళ్ళాను.

వాకిట్లో పందిరి కింద నలుగురు కూర్చున్నారు. మామ భార్య, అత్త, లోపల వంటల దగ్గర ఉంది. బామ్మర్ది, నేను బాబాయ్ అని పిలిచేవాణ్ణి, ఓ పక్కగా నులక మంచం మీద కూర్చున్నాడు. వెళ్ళి పక్కన కూర్చున్నాను. నేనెవరో చెప్పాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక ఉన్నదున్నట్టు చెప్పేశాను.

"బాబాయ్, ఆ రోజు సినిమాకు సౌండు నేనే పెంచిన. ఆయన రెండు రోజులు తప్పిండు. మానేస్తడేమోనని పెంచిన."

అతను నా వైపు మొహం తిప్పాడు. "నిజంగనే పదకొండు లెక్కబెట్టిండా?" అన్నాడు.

"లెక్కబెట్టిండు. నా ముందర వేళ్ళు చాపి చూపెట్టిండు."

"ఆయనకు ఎరుకేనా, నువ్వు పెంచింది?"

"తెల్వదు. అడిగిండు. పెంచలేదన్న."

అతను రెండు చేతులతో మంచం పట్టె పట్టుకున్నాడు.

"అబద్ధమాడిండనుకున్న" అన్నాడు. "ఏం లెక్కబెట్టకనే, గొప్పకు చెప్పి నన్ను బాయిల దింపిండనుకున్న. ఐదేండ్లు నా చెయ్యి పట్టుకుని తిప్పిండు. కలిపి ముద్ద నోట్ల పెట్టిండు. ఒక్క మాట మాట్లాడురా అని రోజూ బతిలాడిండు. ఊరందరితోటి మాట్లాడిన. ఆయనతోటి మాట్లాడలే. జరమొచ్చి పండుకున్ననాడు గూడ అడిగిండు. మాట్లాడలే."

నేను ఏదో అనబోయాను. అతను నన్ను చేత్తో తోసేసి లేచి నిలబడ్డాడు. ఇంటి వైపు తిరగబోయి, ఎటో అర్థంకాక, గోడ వైపు తిరిగాడు.

"బావా!" అని పిలిచాడు. పలకలేదని, గొంతు పెంచి, చెవులు సరిగా లేని మనిషిని పిలిచేంత గట్టిగా మళ్ళీ పిలిచాడు. "బావా!"

పందిరి కింద వాళ్ళంతా లేచారు. అత్త గరిటె చేత్తోనే బయటికి పరుగెత్తుకొచ్చింది.